నారుకు ఎంత నీడ కావాలి? షేడ్ నెట్ కొనేముందు

(మన సంఘం మండల శిక్షణా తరగతిలో మిర్చి, కూరగాయల, నర్సరీ రైతుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మద్దతు ధర గురించి, పంట బీమా గురించి, కౌలు రైతుల అప్పుల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన విషయం షేడ్ నెట్. అంత పెద్ద విషయాల తర్వాత ఈ వల గోల ఏమిటని కొందరికి అనిపించొచ్చు. ఒక్క లెక్క చెబుతాను. ఎకరా మిర్చికి 12 వేల మొక్కలు అనుకోండి. నారు మొక్క రూపాయి పెట్టి కొన్నారనుకోండి. పదింటికి రెండు చచ్చిపోతే పోయింది 2,400 రూపాయలేగా అంటారు. అది కాదు పోయింది. చచ్చిన చోట మళ్ళీ నాటాలి, మళ్ళీ కూలి. రెండోసారి నాటిన మొక్క పదిహేను రోజులు వెనక. దానికో మందు, ముందు నాటినదానికో మందు. కోత ఒకసారి రాదు. సీజను పొడుగునా ఆ చేను అతుకుల బొంతే. ఆ రెండు మొక్కలు ఎందుకు చచ్చాయని అడిగితే విత్తనం మంచిది కాదంటాం, వాన పడలేదంటాం. నర్సరీ పైన కట్టిన వల వైపు ఎవరూ చూడరు.

ఒకప్పుడు ఎవరి నారుమడి వాళ్ళదే. ఎత్తు మడి కట్టి, గింజ జల్లి, గడ్డి కప్పి, నీళ్ళు చల్లుకునేవాళ్ళం. హైబ్రిడ్ విత్తనం పది గ్రాముల పొట్లాల్లో వచ్చాక, గింజ లెక్కపెట్టుకునే రోజులొచ్చాక, ప్రోట్రేలు, కోకోపిట్, షేడ్ నెట్ వచ్చాయి. మంచిదే. గింజ వృథా కాదు, వేరు తెగకుండా మొక్క పొలానికి వస్తుంది. కాకపోతే అప్పుడు మన చేతిలో ఉన్న పని ఇప్పుడు వల అమ్మేవాడి చేతిలోకి, షెడ్డు కట్టేవాడి చేతిలోకి పోయింది. వాడు ఏది వేస్తే అదే నీడ.

ఇక అసలు విషయం. మనం వల ఎప్పుడు కొంటాం? ఇదిగో, ఇప్పుడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో దుకాణానికి పోతాం. చొక్కా తడిసిపోయి ఉంటుంది. దుకాణం వాడు ముప్పై అయిదు శాతం వల ఒకటి, యాభై ఒకటి, డెబ్బై అయిదు ఒకటి చూపిస్తాడు. వాటి కింద నిలబడి చూస్తే డెబ్బై అయిదు కింద చల్లగా ఉంటుంది. ప్రాణం లేచొస్తుంది. అదే ఇవ్వమంటాం. మనకు హాయిగా ఉన్న నీడ నారుకూ హాయి అనుకుంటాం.

కానీ మిర్చి నారు ఆ వల కింద ఉండేది ఎప్పుడు? పునర్వసు నుంచి మఖ, పుబ్బ దాకా. అంటే జులై, ఆగస్టు, సెప్టెంబరు మొదటి రోజులు. అప్పుడు మబ్బు. ముసురు పట్టిందంటే మూడు రోజులు సూర్యుడు కనబడడు. ఎండాకాలం మధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం కింద వెలుతురు సుమారు లక్ష లక్సులు ఉంటుంది. లక్సు అంటే వెలుతురు కొలత, మనం గింజలను కిలోల్లో తూచినట్టు. గట్టిగా మబ్బు పట్టిన రోజున అది పది వేలు, ఇరవై వేలకు పడిపోతుంది. దానిపైన డెబ్బై అయిదు శాతం వల వేస్తే కింద మిగిలేది రెండున్నర వేలు, అయిదు వేలు. ఎండను ఇష్టపడే మిర్చి మొక్కకు అది చీకటి కొట్టంతో సమానం. అందుకే వెలుతురు కోసం మెడ సాచుతుంది. కాడ ఈనెపుల్లలా సాగుతుంది, ఆకు పలచన, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం. పైనుంచి చూస్తే నారు ఏపుగా, జానెడు ఎత్తున పచ్చగా కనిపిస్తుంది. ట్రే పైకెత్తి పక్క నుంచి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. ఆ కింద తడి ఆరదు. తడి ఆరకపోతే నారుకుళ్ళు. దానికి మందు పోస్తాం. ఆ మందు ఖర్చు నిజానికి వల ఖర్చులో రాయాలి.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒకటే. వల కొనే రోజు ఎండను చూసి కాదు, ఆ మొక్క దాని కింద నిలబడే నెలలను చూసి కొనండి.

శాతం అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలోనే సగం మందికి అనుమానం ఉంది, టీ దగ్గర మాటల్లో తెలిసింది. 35 శాతం వల అంటే 35 పాళ్ళు ఆపుతుంది, 65 పాళ్ళు కిందికి వదులుతుంది. ఆపేదే లెక్క. మార్కెట్లో మామూలుగా దొరికేవి 35, 50, 75, 90. రెండు యాభైలు ఒకదానిమీద ఒకటి వేస్తే వంద కాదు. మొదటిది సగం ఆపుతుంది, మిగిలిన సగంలో సగం రెండోది ఆపుతుంది. మొత్తం 75. ఇది తెలిస్తే ఒక ఉపాయం ఉంది. ఒకే మందపాటి వల కొనే బదులు ఒక పలచటి వల పైన ఉంచి, ఇంకొకటి తీగల మీద జరుపుకునేలా పెట్టుకుంటే ఎండ ముదిరినప్పుడు లాక్కోవచ్చు, మబ్బు పడితే తీసేయొచ్చు.

మిర్చి, టమాటా, వంగ, క్యాప్సికం నారుకు, కీరకు మన దగ్గర 35 శాతం చాలు. మహా అయితే యాభై. యాభై కట్టుకుంటే మాత్రం అది జరిగే వలే కావాలి. పొద్దున పది, పదకొండు గంటలకు మూయడం, మూడు, నాలుగింటికి తీయడం, మబ్బు రోజున అసలు ముట్టుకోకపోవడం. బిగించి కుట్టేసిన యాభై శాతం వల ఆగస్టులో నష్టమే. ఎండాకాలం కొత్తిమీర, పాలకూర వేసే వాళ్ళకు యాభై బాగుంటుంది, వాళ్ళ పంట నిలబడేది ఏప్రిల్, మే ఎండలోనే కాబట్టి. టిష్యూ కల్చర్ అరటి మొక్కలు ల్యాబు నుంచి వచ్చిన కొత్తలో ఇంకా ఎక్కువ నీడ అడుగుతాయి. 75 ఎవరికి? ఆంథూరియం లాంటి నీడ పూలకు, ఇళ్ళల్లో పెట్టుకునే ఆకు మొక్కలకు.

మనవాళ్ళు గోదావరి పుష్కరాలకో పెళ్ళికో పోయి వస్తూ కడియం నర్సరీలు చూసి వస్తారు. అక్కడ ముదురు ఆకుపచ్చ వల కింద కళకళలాడే మొక్కల్ని చూసి, ఇక్కడ మిర్చికి అదే వల కడతారు. కడియం వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు. వాళ్ళు పెంచే మొక్కల్లో అడవిలో పెద్ద చెట్ల కింద పుట్టిన జాతులు చాలా ఉన్నాయి. వాటికి నీడే ఇల్లు. మిర్చిది ఆ పుట్టుక కాదు.

రంగు సంగతి. ఆకుపచ్చ వల ఎందుకు కొంటున్నారంటే పచ్చగా ఉంది కాబట్టి, పొలానికి నప్పుతుంది కాబట్టి. ఇంతకు మించిన కారణం నాకు ఎవరూ చెప్పలేదు. ఆకు పచ్చగా ఎందుకు కనబడుతుంది? వెలుతురులో ఆకుపచ్చ భాగాన్ని అది తక్కువ వాడుకుని వెనక్కి కొడుతుంది కాబట్టి. ఎక్కువగా వాడుకునేవి ఎరుపు, నీలం. ఆకుపచ్చ వల ఆ రెంటినీ ఎక్కువ ఆపి, మొక్కకు అంతగా అక్కరలేని ఆకుపచ్చను కిందికి పంపుతుంది. పెళ్ళివారికి కూర తీసేసి కరివేపాకు వడ్డించినట్టు. నల్ల వల అన్ని రంగులనూ సమానంగా ఆపుతుంది, అందులో కలిపే నల్ల కార్బన్ వల్ల ఎండకు ఎక్కువ కాలం ఆగుతుంది. కానీ వేడిని తాను తాగుతుంది. ఎత్తుగా కట్టి గాలి ఆడితే ఆ వేడి గాలిలో పోతుంది, తక్కువ ఎత్తులో కడితే మన నెత్తినే దిగుతుంది. తెల్ల వల వెలుతురును చెదరగొట్టి అన్ని వైపుల నుంచి పంపుతుంది, కింది ఆకుకు కూడా అందుతుంది. నారుకు నా ఓటు తెలుపుకే. దొరక్కపోతే నలుపు. దుమ్ము త్వరగా కనబడుతుందని తెలుపు వద్దంటారు కొందరు. కనబడటం మంచిదే కదా, కడుక్కుంటాం. ఆకుపచ్చ వల మీద కూడా అంతే దుమ్ము ఉంటుంది, మనకు తెలియదంతే. రోడ్డు పక్కన ఉన్న నర్సరీల్లో దుమ్ము పేరుకుని 35 వల కాస్తా యాభైలా పని చేస్తుంది. వానలు మొదలయ్యే ముందు ఒకసారి నీళ్ళ పైపుతో కొట్టండి.

పాలీహౌస్ ఉన్నవాళ్ళు నలుగురైదుగురు కనబడుతున్నారు, వాళ్ళకొక మాట. పాలీహౌస్ ప్లాస్టిక్ కొత్తగా ఉన్నప్పుడే వంద పాళ్ళలో పదిహేను, ఇరవై పాళ్ళ వెలుతురు ఆపుతుంది. కింద యాభై వల కట్టారంటే మొక్కకు మిగిలేది నలభై. అంటే మీకు తెలియకుండానే అరవై శాతం నీడ ఇచ్చారు. పాత ప్లాస్టిక్కు అయితే ఇంకా ఎక్కువ. ఇంకొకటి, లోపల నల్ల వల కడితే అది తాగిన వేడి లోపలే ఉండిపోతుంది. వెలుతురూ పోయింది, చల్లదనమూ రాలేదు. లోపల కట్టేటట్టయితే తెల్లదో, అల్యూమినియం పూత ఉన్న స్క్రీనో వేసుకోండి, అవి వేడిని వెనక్కి కొడతాయి. నల్ల వల తప్పదంటే పాలీహౌస్ పైన, ప్లాస్టిక్కు తగలకుండా ఎడం ఉంచి వేయించండి.

వెనక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, వల ఉంటే తెల్లదోమ రాదు కదా అని. వస్తుంది తమ్ముడూ. షేడ్ నెట్ నీడ కోసం, పురుగు ఆపడానికి కాదు. దాని కన్నాల్లోంచి తెల్లదోమ ఏనుగు పట్టే వాకిట్లో ఎలుక నడిచినట్టు వస్తుంది. తెల్లదోమకు 40 మెష్ ఇన్‌సెక్ట్ నెట్ కావాలి. అంటే అంగుళానికి నలభై కన్నాలు. తామర పురుగు అంతకంటే సన్నం, నలభైలోంచి కూడా దూరుతుంది. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చిని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి పైన షేడ్ నెట్, చుట్టూ నాలుగు వైపులా ఇన్‌సెక్ట్ నెట్, వాకిలికి రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తీయాలి. సన్న వల గాలిని కూడా ఆపుతుంది, అందుకని షెడ్డు ఎత్తు పెంచాలి. తల తగిలే ఎత్తులో కట్టి చుట్టూ నలభై మెష్ బిగిస్తే అది నర్సరీ కాదు, ఇడ్లీ పాత్ర. నాలుగు వైపులా షేడ్ నెట్టే కట్టేసి పురుగు రాదని చెప్పి అమ్మేవాళ్ళు ఉన్నారు. అక్కడ గాలీ ఆగింది, పురుగూ ఆగలేదు.

ఇక కొనే దగ్గర మోసం ఎలా జరుగుతుందో చూద్దాం. చుట్ట మీద 50 అని కాగితం అంటించి ఉంటుంది. ఆ యాభై ఎవరు కొలిచారు? చాలా దుకాణాల్లో దానికి జవాబు లేదు. మనమే కొలుచుకోవచ్చు. మీ పిల్లల ఫోనులో లక్స్ మీటరు అని కొడితే ఉచితంగా యాప్ దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేని రోజున, ఫోను తెర ఆకాశం వైపు ఉండేలా పళ్ళెంలా పట్టుకుని ఎండలో ఒకసారి చూడండి. వెంటనే వలను నలుగురు నాలుగు కొసలు పట్టుకుని పరిచి, దాని కింద అదే ఫోనుతో చూడండి. మూడుసార్లు చేయండి. బయట 90 వేలు, కింద 36 వేలు వచ్చిందనుకోండి. తొంభైలో ముప్పై ఆరంటే వందకు నలభై కిందికి వస్తోంది. అంటే వాడు యాభై అని అమ్ముతున్నది నిజానికి అరవై వల. ఫోను చూపించే అంకె ఖచ్చితమైనది కాకపోవచ్చు, కానీ రెండిటికీ అదే ఫోను కాబట్టి నిష్పత్తి దాదాపు సరిగానే వస్తుంది. ఎవరైనా ఈ పరీక్ష వద్దంటే ఆ దుకాణం దిగి వచ్చేయండి.

రెండోది బరువు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని అడగాలి, దాన్ని జీఎస్ఎం అంటారు. ఒకే శాతం, ఒకే రకం అల్లిక ఉన్న రెండు వలల్లో బరువు తక్కువది సన్న దారంతో అల్లింది. అది ముందు చిరుగుతుంది. మీటరు పొడుగు, మీటరు వెడల్పు ముక్క కోయించి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి, తేలిపోతుంది. దారం కూడా చూడండి. చదునుగా రిబ్బనులా ఉంటే టేపు, గుండ్రంగా గట్టిగా ఉంటే మోనో. మోనో ఖరీదు ఎక్కువ, మన్నిక ఎక్కువ, వాన నీళ్ళు దాని మీద నిలవవు. రెండిటికీ మన దేశ ప్రమాణం ఉంది. ఐఎస్ 16008 అంటారు, టేపు వలకు ఒక భాగం, మోనోకు ఒక భాగం. ఆ నంబరు గుర్తు పెట్టుకోండి, గోడ మీద రాసుకోండి.

ఎండకు పాడవకుండా వలలో కలిపే యూవీ మందు కంటికి కనబడదు. మొదటి ఏడాది అన్ని వలలూ బాగానే ఉంటాయి. రెండో ఏడాది చేత్తో నలిపితే కొన్ని అప్పడంలా పొడి అవుతాయి. దానికి మనకున్న ఆధారం గ్యారంటీ ఒక్కటే. నోటిమాట గ్యారంటీ గాలిమాటతో సమానం. బిల్లు మీద నాలుగు సంగతులు రాయించండి: నీడ శాతం, జీఎస్ఎం, టేపో మోనోనో, గ్యారంటీ ఎన్నేళ్ళు. బిల్లు లేకుండా అయితే పన్ను తగ్గుతుందని ఆశ పెడతారు. బిల్లు లేనివాడికి వినియోగదారుల కమిషన్ దగ్గర కూడా చోటు లేదు. ఇంకొక గట్టి విషయం, ఇది దుకాణాల్లో చెప్పరు. గంధకం, క్లోరిన్ తగిలితే ఆ యూవీ మందు పని పోతుంది. బూడిద తెగులుకని లోపల గంధకం కొట్టేవాళ్ళు వల తడవకుండా కొట్టండి, తడిస్తే మంచినీళ్ళతో కడగండి. చాలా గ్యారంటీ కాగితాల్లో ఈ షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. తర్వాత వల చిరిగితే తప్పు మీదే అంటారు.

కట్టేటప్పుడు తప్పెట మీద తోలులా లాగకండి. వల కొద్దిగా కుంచించుకుంటుంది, రాత్రి చలికి, పగలు ఎండకు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. మరీ వదులైతే గాలికి కొట్టుకుని పైపు దగ్గర కోసుకుపోతుంది. పైపుకు, రాతి స్తంభానికి తగిలే చోట పాత డ్రిప్పు పైపు చీల్చి తొడగండి, ఖర్చు లేని పని. తుపాను హెచ్చరిక వస్తే పైన వల విప్పి చుట్టేయండి. వల పోతే పోయింది, దానితో పాటు షెడ్డు లేచిపోతే కష్టం.

నారు పొలానికి పోయే ముందు వారం, పది రోజులు వల తీసి ఎండకు అలవాటు చేయాలి. నీళ్ళు కూడా కొంచెం తగ్గించాలి. ఇది చాలా నర్సరీల్లో జరగడం లేదు. ట్రేలు ఖాళీ అయితే తర్వాతి బ్యాచి పెట్టాలనే తొందర. నర్సరీ అన్నదమ్ములు ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్ళ ముందే అంటున్నాను. కొనే రైతులు కూడా బుకింగు రోజునే అడగండి, చివరి వారం నారు ఎండలో ఉంచుతారా అని. ఉద్యాన నర్సరీలు రిజిస్టరు కావాలని 2010లోనే చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను నంబరు, రకం పేరు, విత్తనం లాటు నంబరు ఉన్న బిల్లు తీసుకోండి. నారు పాడైతే నష్టపరిహారం అడగడానికి సంఘం మీతో వస్తుంది, కానీ చేతిలో కాగితం ఉండాలి.

సబ్సిడీ గురించి అడుగుతారని తెలుసు. ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లో ఇనుప పైపుల షేడ్ నెట్ హౌస్‌కు చదరపు మీటరు ఖర్చు 710 రూపాయలు లెక్కగట్టి, అందులో సగం, ఒక రైతుకు 4,000 చదరపు మీటర్ల దాకా ఇవ్వాలని పెట్టారు. కర్రతో కట్టేదానికి 492, వెదురుకు 360 అని కూడా రాశారు. 2025లో మార్గదర్శకాలు సవరించారు, కాబట్టి ఇప్పటి రేటు ఉద్యాన అధికారి దగ్గర కాగితం మీద తీసుకోండి. నా గొడవ రేటుతో కాదు. పైపు ఎంత మందం, ఎంత లోతు గుంట అన్నది కొలిచి చూస్తారు, వల దగ్గరికి వచ్చేసరికి పంటేమిటో అడగకుండా కంపెనీవాడు తెచ్చింది పరిచేసి ఫొటో తీస్తారు. దరఖాస్తు చేసేవాళ్ళు పంట పేరు, నెలలు, మీకు కావలసిన శాతం, రంగు అర్జీలోనే రాసి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అంగీకరించిన వల రాకపోతే పని పూర్తయినట్టు సంతకం పెట్టకండి. మీ సంతకం పడ్డాక కంపెనీకి డబ్బు పోతుంది, ఆ తర్వాత ఫోను ఎత్తరు.

రోడ్ల వెంట నర్సరీలు నడిపేవాళ్ళలో ఎక్కువమంది కౌలు స్థలంలో ఉన్నారు. శాశ్వత షెడ్డుకు సబ్సిడీ అంటే పాసుపుస్తకమో రిజిస్టరు చేసిన లీజో అడుగుతారు. 2019 చట్టం కింద పంట సాగుదారు కార్డుకు కూడా యజమాని సంతకం కావాలి, యజమాని పెట్టడు. వెదురు, కర్ర షెడ్డు విప్పి ఇంకోచోట కట్టుకోవచ్చు. దానికైనా కౌలుదారు పేరుతో సాయం ఇవ్వాలి. ప్రతి షేడ్ నెట్ హౌస్ దగ్గర బిల్లు చెల్లించే ముందు వల ముక్క తూచి, నీడ కొలిచి, రైతు ముందు రాసిపెట్టాలి. ఈ రెండూ మన మండల కమిటీ అర్జీలో చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. చేతులెత్తండి... సరే, కార్యదర్శిగారు రాసుకున్నారు.

ఒక్కొక్కళ్ళం పోయి యాభై మీటర్లు, వంద మీటర్లు కొంటే బేరానికి మాట పడదు. ఈసారి అందరం కలిసి తెప్పిద్దాం. 35 శాతం తెల్ల మోనో ఎంత కావాలో, 40 మెష్ ఎంత కావాలో గ్రామ కమిటీ వాళ్ళకు వచ్చే ఆదివారం లోపు చెప్పండి. షెడ్డు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి మీటర్లలో రాసివ్వండి, అడుగుల్లో కాదు. చుట్టలు వచ్చిన రోజున ఈ ఆవరణలోనే మధ్యాహ్నం పన్నెండింటికి ఫోనులతో కొలుద్దాం. కాటా నేను తెస్తాను.